రైతు తెలిసికొనవలసిన వ్యవసాయపు మాటలు

వ్యవసాయము చేతిపని. అయినను ఆ పని యొక్క ఫలము రైతు ఇల్లు చేరవలెనన్నచో చేయి ఒక్కటియే చాలదు. విత్తనపు సంచికి కుట్టిన చీటి, ఎరువు బస్తాపై అచ్చువేసిన అంకెలు, కాలువకు వదలిన నీటి లెక్క, పహాణీలోని గళ్లు, ఇవన్నియు మాటలతోడను అంకెలతోడను రైతునకు చెప్పవలసిన దానిని చెప్పుచున్నవి. ఆ మాట అర్థము కానివాడు కష్టపడి దున్నియు నష్టపోవును. అర్థమైనవాడు అంతే కష్టముతో ఎక్కువ ఫలము పొందును. కావున సాధారణముగా వినవచ్చు కొన్ని వ్యవసాయపు మాటల అర్థములును, వానిని తప్పుగా గ్రహించినచో కలుగు నష్టములును ఈ కరపత్రమున వివరింపబడుచున్నవి.

తెలంగాణపు రైతునకు ఈ మాటల చిక్కు కొంత ఎక్కువ. 1948వ సంవత్సరము వఱకు హైదరాబాదు రాజ్యమున రాజభాష ఉర్దూ. అందుచేత భూమి కాగితములలో పారసీకము నుండియు అరబ్బీ నుండియు వచ్చిన మాటలు పాతుకొనిపోయినవి. కృష్ణా గోదావరీ మండలములు మదరాసు ప్రభుత్వము క్రింద నుండినందున అక్కడ వేఱు మాటలు వాడుకపడినవి. ఈ రెండు ప్రాంతములు 1956 నవంబరు 1వ తేదీన ఒక రాష్ట్రమైనవి. 2014 జూన్ 2వ తేదీన తిరిగి రెండు రాష్ట్రములైనవి. మాటలు మాత్రము ఎక్కడివక్కడనే నిలిచినవి. వీనిపై హెక్టారు, క్వింటాలు, క్యూసెక్కు వంటి కొత్త మాటలు వచ్చి చేరినవి. ఒకే రైతు ఒకే దినమున ఈ మూడు విధముల మాటలను వినవలసి వచ్చుచున్నది.

1. భూమి కొలతల మాటలు

ఎకరము: ఇది రెండు ప్రాంతములయందును ఒక్కటియే. 4,840 చదరపు గజములు ఒక ఎకరము.

గుంట: తెలంగాణమున ఎకరమును 40 భాగములు చేసి ఒక్కొక్క భాగమును గుంట యందురు. ఇరుప్రక్కల 33 అడుగుల చొప్పున నుండు చదరము ఒక గుంట. అనగా 121 చదరపు గజములు.

సెంటు: ఆంధ్ర మండలములలో ఎకరమును 100 భాగములు చేసి ఒక్కొక్క భాగమును సెంటు అందురు. సెంటునకు 48.4 చదరపు గజములు. రెండున్నర సెంట్లు ఒక గుంట.

ఇందు రైతు గమనింపవలసిన విషయ మొకటి గలదు. తెలంగాణపు కాగితములో 2-20 అని యున్నచో అది 2 ఎకరముల 20 గుంటలు, అనగా రెండున్నర ఎకరములు. ఆంధ్రదేశపు కాగితములో 2-20 అని యున్నచో అది 2 ఎకరముల 20 సెంట్లు మాత్రమే. అంకెలు ఒక్కటియే యైనను భూమిలో తేడా 12 గుంటలు, అనగా 1,452 చదరపు గజములు. ఒక ప్రాంతమువారు మఱియొక ప్రాంతమున భూమి కొనునప్పుడును, వియ్యమందువారు పసుపుకుంకుమల క్రింద భూమి వ్రాసికొనునప్పుడును ఈ భేదము తెలియక తరువాత తగవులాడుకొందురు. కావున అంకెల ప్రక్కన గుంటలనియో సెంట్లనియో అక్షరములతో వ్రాయించుకొనవలెను.

కూడికలయందును తీసివేతలయందును ఇదే జాగ్రత్త అవసరము. గుంటలు 40 అయిన వెంటనే ఎకర మగును గాని 100 వఱకు పోవు. ఒక సర్వే నంబరు 5-10 విస్తీర్ణము గలదనియు, అందు 0-12 సాగునకు పనికిరాదనియు అనుకొనుడు. మిగులు భూమి 4-38 అగును. నూటి లెక్కకు అలవాటుపడినవాడు దానిని 4-98 అని వేయును. అట్టి విస్తీర్ణము గుంటల లెక్కలో అసలు ఉండనే యుండదు.

హెక్టారు: ఇది సుమారు 2.47 ఎకరములు. శాస్త్రజ్ఞుల పుస్తకములలో విత్తనము, ఎరువు, దిగుబడి తఱచుగా హెక్టారు లెక్కను ఇవ్వబడుచుండును. హెక్టారునకు 120 కిలోలు అని చదివి ఆ మొత్తమును ఎకరమునకు వేసిన రైతు తగిన మోతాదునకు రెండున్నర రెట్లు వేసినవా డగును. డబ్బు పోవుటయే గాక, నత్రజని మితిమీరిన వరి పడిపోవును. అగ్గితెగులునకును దోమపోటునకును సులభముగా లోనగును.

తూము, పుట్టి: ఇవి ధాన్యపు పాత కొలతలు. నాలుగు కుంచములు ఒక తూము. ఇరువది తూములు ఒక పుట్టి. అయితే కుంచపు పరిమాణము ఊరూరికిని మారుచుండెడిది. కావున ఒక ఊరి పుట్టి మఱియొక ఊరి పుట్టితో సమానము కాకపోయెడిది. ఈ చిక్కు తీర్చుటకే 1956వ సంవత్సరపు చట్టముచే దేశమంతటను కిలోగ్రాముల పద్ధతి ప్రవేశపెట్టబడినది. 100 కిలోలు ఒక క్వింటాలు. పెద్దలు పుట్లలో చెప్పిన దిగుబడిని నేటి క్వింటాళ్లతో పోల్చుటకు ముందు వారు ఏ కుంచముతో కొలిచిరో విచారింపవలెను.

2. నేలల మాటలు

పొలము, చెలక: ఆంధ్ర మండలములలో సాగుభూమి ఏదైనను పొలమే. తెలంగాణమున పొలమన్నచో వరి పండు తడిభూమి. వర్షాధారపు ఎఱ్ఱ భూమిని చెలక యందురు. కాగితములలో వర్షాధారపు భూమి ఖుష్కీ అనియు, చెఱువు కాలువల క్రింది భూమి తరీ అనియు, బావి క్రింది తోటభూమి బాగాత్ అనియు వ్రాయబడినది. ఆంధ్రదేశపు మెట్ట, మాగాణి అను మాటలకు ఖుష్కీ, తరీ అనునవి సమానములు.

చెలక నేల: ఇనుము సంబంధమైన పదార్థముచే ఈ నేలకు ఎఱుపు రంగు వచ్చినది. ఇసుక పాలు ఎక్కువ యగుటచే వాన నీరు త్వరగా దిగును, త్వరగా ఆరును. వేరుసెనగ, ఆముదము, కంది, మొక్కజొన్న దీనికి తగినవి. నీటిని ఎక్కువకాలము నిలుపలేదు గనుక పశువుల ఎరువు, చెఱువు మట్టి దీనికి మిక్కిలి ఉపకరించును.

రేగడి నేల: ఇది నల్లని బంకనేల. తడిసినచో ఉబ్బును, ఎండినచో పగుళ్లు విచ్చును. తేమను చాలకాలము పట్టియుంచును. అందుచేతనే వానలు వెనుకబడిన తరువాత కూడ జొన్న, సెనగ దీనియందు పండును. ప్రత్తికి ఇది మేలైన నేల. కాని నీరు నిలిచినచో పైరు వేళ్లకు గాలి యందదు. మురుగు పోవు కాలువ లేని రేగడి సగము బలమును కోల్పోవును.

చౌడు: ఈ ఒక్క మాట క్రింద రెండు వేఱువేఱు వ్యాధులు గలవు. వేసవిలో నేలపై తెల్లని ఉప్పు పొర తేలినచో అది పాలచౌడు. నీరు ఇంకక నిలిచి, తడిసినప్పుడు జారుడు బురదయై, ఎండినప్పుడు రాయివలె గట్టిపడునది కారుచౌడు. పాలచౌడునకు మందు మంచినీరు. మడులు కట్టి నీరు నిలిపి, కరగిన ఉప్పును మురుగుకాలువల ద్వారా వెడలగొట్టవలెను. కారుచౌడునకు నీరు మాత్రము చాలదు. భూమి పరీక్ష చేయించి, చెప్పిన మోతాదున జిప్సము వేసి కలియదున్ని, తరువాత నీరు పెట్టి తీసివేయవలెను. జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట పైరులను పెంచి దున్నుట మంచిది. పాలచౌడులో జిప్సము పోసినవాడు డబ్బు పోగొట్టుకొనును. కారుచౌడులో నీరు మాత్రము పెట్టినవాడు కాలము పోగొట్టుకొనును. చౌడు అని యూరకుండక ఏ చౌడు అని అడుగుట రైతునకు లాభము.

భూమి పరీక్షకు మట్టి తీయునప్పుడు చేనిలో ఎనిమిది పది చోట్ల జానెడు లోతున మట్టిని తీసి, అంతయు కలిపి, భాగములు చేయుచు తగ్గించి, అర్ధ కిలో మట్టిని పంపవలెను. గట్ల ప్రక్కను, చెట్ల నీడను, ఎరువు కుప్ప యున్న చోటను తీసిన మట్టి చేనిని గూర్చి నిజము చెప్పదు.

3. కాలపు మాటలు

ఖరీఫ్, రబీ: ఇవి అరబ్బీ మాటలు. ఖరీఫ్ అనగా శరదృతువు, రబీ అనగా వసంతము. విత్తు కాలమును బట్టి గాక పంట చేతికి వచ్చు కాలమును బట్టి ఈ పేర్లు ఏర్పడినవి. తెలంగాణమున వీనినే వానాకాలము, యాసంగి యందురు. వరికి మాత్రము కాగితములలో ఆబీ, తాబీ అని వ్రాసిరి. ఆబ్ అనగా పారసీకమున నీరు. వానలకు నిండిన నీటితో జూన్, జూలై మాసములలో నారుపోసి కార్తిక మార్గశిరములలో కోయు పంట ఆబీ. చెఱువులో మిగిలిన నీటితో చలికాలమున నాటి వేసవిలో కోయు పంట తాబీ. ఆంధ్ర మండలములలో వీనికే సార్వా, దాళ్వా యని పేర్లు.

కార్తె: సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున నుండు కాలము కార్తె. సంవత్సరమునకు 27 కార్తెలు; ఒక్కొక్కటి 13 లేక 14 దినములు. మృగశిర కార్తె జూన్ 7 లేక 8వ తేదీన ప్రవేశించును. తెలంగాణపు పల్లెలలో దీనినే మిరుగు అందురు. నైరృతి ఋతుపవనము వచ్చు కాలమును ఇది సుమారుగా సూచించును గనుక పెద్దలు దీనిని విత్తుటకు గుర్తుగా పెట్టుకొనిరి. కాని కార్తె తేదీ మారదు, వాన మారును. కార్తె వచ్చినదని విత్తుట కాదు, పదును వచ్చినదని విత్తవలెను.

పదును: విత్తనము మొలచుటకును, మొలచిన మొక్క నిలుచుటకును చాలినంత తేమ నేలలో నుండుటకు పదును అని పేరు. పైపైని తడిసిన నేలకు పదును లేదు. చేనిలో కొంత లోతు మట్టిని తీసి పిడికిట బిగింపవలెను. ముద్దయై, క్రింద వదలిన తేలికగా చిట్లినచో పదును సరిగా నున్నది. ముద్ద కాక రాలినచో తేమ చాలదు. చేతికి అంటుకొన్నచో తేమ ఎక్కువ. తేలిక నేలలలో మొత్తము 50 నుండి 60 మిల్లీమీటర్లు, బరువు నేలలలో 60 నుండి 75 మిల్లీమీటర్లు వాన పడిన తరువాత వర్షాధారపు విత్తనము వేయవలెనని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. 25 మిల్లీమీటర్లు సుమారుగా ఒక అంగుళము. కావున ఒక్క అంగుళపు వానకు ఆశపడి ప్రత్తి గింజ వేసిన రైతు, తరువాత ఇరువది దినములు వాన లేనిచో రెండవసారి విత్తనము కొనవలసివచ్చును. ఆ రెండవ విత్తనపు సొమ్మే అనేకులకు ఆ సంవత్సరపు మొదటి అప్పు అగుచున్నది.

4. నీటి మాటలు

చెఱువు అంగములు: చెఱువునకు కట్ట, తూము, అలుగు, శిఖము, ఆయకట్టు అని అంగములు గలవు. కాకతీయుల కాలమున పాకాల, రామప్ప, లక్నవరము మొదలగు చెఱువులు నిర్మింపబడినవి. ఒక చెఱువు నిండి పొర్లిన నీరు దిగువ చెఱువు చేరునట్లు కట్టినందున వీనిని గొలుసుకట్టు చెఱువులందురు. ధాన్యపు కొలత యగు తూము వేఱు, నీరు వదలు తూము వేఱు, మాట ఒక్కటియే.

అలుగు: చెఱువు నిండిన తరువాత అధికమైన నీరు తానై పొర్లిపోవు చోటు అలుగు. తెలంగాణమున మత్తడి యని కూడ అందురు. కొందఱు రైతులు మఱికొంత నీరు నిలుచునని అలుగుపై రాళ్లును ఇసుక మూటలును పేర్చుచుందురు. ఇది మిక్కిలి ప్రమాదము. అలుగు ఎత్తు కట్ట ఎత్తును బట్టి నిర్ణయింపబడినది. అలుగు మీద పోవలసిన నీరు కట్టమీదుగా పోయినచో మట్టికట్ట నిలువదు. ఒక చెఱువు తెగిన నీరు దిగువ చెఱువులను కూడ తెంపును. జానెడు నీటికై పేర్చిన రాయి ఊరి పంటనంతయు తీసికొనిపోగలదు.

శిఖము: చెఱువు నిండినప్పుడు నీట మునుగు భూమి శిఖము. వేసవిలో నీరు తగ్గి ఆ భూమి మంచి పొలమువలె కనబడును. దానిని చూచి కొనినవారు వానాకాలమున భూమికి బదులు నీటిని చూతురు. చెఱువు సమీపమున భూమి కొనువారు ఆ నంబరు శిఖములో నున్నదా, నిండు నీటి మట్టమునకు పైన నున్నదా యని ముందుగా విచారింపవలెను.

ఆయకట్టు, తైబందీ: తూము నుండి పాఱు నీటితో పండు భూమి మొత్తము ఆయకట్టు. అయితే వాన తక్కువైన సంవత్సరమున ఆయకట్టంతటికిని నీరు చాలదు. అప్పుడు చెఱువులోని నీటిని చూచి యాసంగిలో ఎన్ని ఎకరములకు నీరు ఇయ్యవచ్చునో, ఎవరి భూమిలో ఎంత భాగము నాటవలెనో ముందుగా నిర్ణయించుకొనుట తైబందీ. ఈ నిర్ణయమును మీఱి నాటినవాని పైరు మాత్రమే ఎండదు. నిర్ణయమును పాటించిన పొరుగువాని పైరు కూడ పొట్టదశలో నీరందక తాలుపోవును. పదిమంది కూర్చుండి చేసికొన్న తైబందీ నాటకముందే జరుగవలెను. నాటిన తరువాత జరుగునది తైబందీ కాదు, తగవు.

చెఱువు మట్టి: ప్రతి సంవత్సరము వాగులు తెచ్చు ఒండ్రు చెఱువులో చేరి నీరు నిలుచు చోటును తగ్గించును. 2015వ సంవత్సరమున తెలంగాణమున చెఱువుల పూడిక తీయు పని పెద్ద యెత్తున ప్రారంభింపబడినది. ఆ ఒండ్రుమట్టిని చెలక నేలలకు తోలినచో చెఱువునకు లోతు, చేనునకు బలము రెండును కలుగును.

క్యూసెక్కు, టి.యం.సి.: సెకనునకు ఒక ఘనపుటడుగు నీరు పాఱుట ఒక క్యూసెక్కు. ఒక క్యూసెక్కు నీరు ఒక రాత్రియు ఒక పగలును ఆగక పాఱినచో సుమారు 24 ఎకరములపై ఒక అంగుళము లోతు నిలుచును. త్రోవలో ఇంకిపోవునది ఇందు చేరలేదు. నూరు కోట్ల ఘనపుటడుగులు ఒక టి.యం.సి. అది సుమారు 23 వేల ఎకరములపై ఒక అడుగు లోతు నీటికి సమానము. జలాశయములో ఇన్ని టి.యం.సి.లు గలవని వినినప్పుడు ఈ లెక్క చేసికొన్నచో తమ కాలువ చివర వఱకు నీరు వచ్చునో రాదో రైతులు కొంతవఱకు ఊహింపగలరు.

5. విత్తనపు మాటలు

రకము, సంకరము: ఈ రెండు మాటల భేదము తెలియనిచో నష్టము వెంటనే కనబడును. సాంబ మషూరి యను బి.పి.టి. 5204 వంటిది రకము. 1986వ సంవత్సరమున విడుదలయిన ఈ వరి యొక్క గింజను, కలుపు తీసి కేళీలు ఏరి శుభ్రముగా పండించినచో, మరుసటి సంవత్సరము విత్తనముగా వాడుకొనవచ్చును. సంకరము అట్టిది కాదు. రెండు వేఱు తల్లిదండ్రులను కలిపి పుట్టించిన మొదటి తరపు గింజ మాత్రమే సంకరపు బలము చూపును. దాని పంటలోని గింజను తిరిగి విత్తినచో మొక్కలు ఒకదానితో నొకటి పోలక, ఎత్తు తగ్గులై, దిగుబడి తగ్గును. 2002వ సంవత్సరమున అనుమతింపబడిన బి.టి. ప్రత్తి విత్తనములు మన దేశమున ముఖ్యముగా సంకరములే. కావున వానిని ఇంట దాచి విత్తుట లాభము కాదు. సంచిపై రకమని యున్నదా, సంకరమని యున్నదా యని చదువవలెను.

చీటి రంగులు: విత్తనపు సంచికి కుట్టిన చీటి రంగు ఆ గింజ యొక్క తరమును తెలుపును. బ్రీడరు విత్తనమునకు బంగారు పసుపు, మూలవిత్తనమునకు తెలుపు, ధ్రువీకరింపబడిన విత్తనమునకు నీలము. అమ్మువాడే నాణ్యమునకు బాధ్యత వహించి కట్టు చీటి ఆకుపచ్చ రంగున నుండును. దేశమున విత్తనముల చట్టము 1966వ సంవత్సరమున చేయబడినది.

మొలక శాతము: నూరు గింజలలో మొలచునవి ఎన్ని యన్నదే మొలక శాతము. ధ్రువీకరింపబడిన వరికి ఇది 80కి తక్కువ కారాదు. వేరుసెనగకు 70కి తక్కువ కారాదు. రైతు ఇంటియందే దీనిని పరీక్షింపవచ్చును. నూరు గింజలను లెక్కించి, తడిగోనె సంచిలో వరుసగా పేర్చి చుట్టి, నీడను ఉంచి, తడి ఆరకుండ చూడవలెను. వారము పదిదినములలో మొలకలను లెక్కింపవలెను. చేనిలో మొలవని గింజను చూచి దుఃఖించుటకంటె గోనెలో మొలవని గింజను చూచి మార్చుకొనుట సుఖము. కొన్న రసీదును, సంచిని, చీటిని పంట చేతికి వచ్చువఱకు దాచియుంచవలెను. గింజ మోసమైనచో అవియే సాక్ష్యము.

6. ఎరువుల మాటలు

బస్తాపై అంకెలు: ఎరువు బస్తాపై మూడు అంకెలు వరుసగా నుండును. మొదటిది నత్రజని, రెండవది భాస్వరము, మూడవది పొటాషు. ఇవి నూటికి ఇన్ని పాళ్లని అర్థము. 18-46-0 అను డి.ఏ.పి. 50 కిలోల బస్తాలో 9 కిలోల నత్రజనియు 23 కిలోల భాస్వరమును గలవు, పొటాషు లేదు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. 2018వ సంవత్సరము నుండి యూరియా బస్తా 45 కిలోలు గనుక ఒక బస్తాలో 20.7 కిలోల నత్రజని యుండును. మ్యూరేటు ఆఫ్ పొటాషులో నూటికి 60 పాళ్లు పొటాషు.

ఒక ఉదాహరణము చూడుడు. ఎకరపు వరికి 48 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరము, 16 కిలోల పొటాషు వేయుమని చెప్పబడినదనుకొనుడు. ఒక బస్తా డి.ఏ.పి. వేసినచో భాస్వరము 23 కిలోలు వచ్చినది, దాదాపు చాలినది. దానితో నత్రజని 9 కిలోలు వచ్చినది. ఇంకను కావలసినది 39 కిలోలు. దీనికి 85 కిలోల యూరియా, అనగా రెండు బస్తాలకు 5 కిలోలు తక్కువ చాలును. పొటాషునకు 27 కిలోల మ్యూరేటు చాలును. డి.ఏ.పి.లోని 9 కిలోలను లెక్కింపనివాడు 20 కిలోల యూరియాను అనవసరముగా వేయును. నత్రజనిని ఒక్కసారి పోయక, నాటునప్పుడును, పిలకలు వేయునప్పుడును, అంకుర మేర్పడునప్పుడును పంచి వేయవలెను.

మాగిన ఎరువు: పశువుల పెంటను గుంటలో మాగవేసి, నల్లబడి, వాసన పోయి, పొడిపొడిగా నైన తరువాత దానిని మాగిన ఎరువు అందురు. పచ్చి పెంట చెదలను పిలుచును, కలుపు గింజలను చేనికి మోయును. కుప్పలుగా తోలి వారములకొలది ఎండకు వదలిన ఎరువు బలము తగ్గును. తోలిన వెంటనే చల్లి దున్నవలెను.

7. కాగితముల మాటలు

సేత్వార్, పహాణీ: మొదటి భూమి కొలత జరిగినప్పుడు ఏ నంబరున ఎంత భూమి, ఎవరి పేర, ఎంత శిస్తు అని వ్రాసిన మూలపు పట్టిక సేత్వార్. సంవత్సరము సంవత్సరము చేనిని చూచి వ్రాసెడి పట్టిక పహాణీ. తెలంగాణమున 1954-55 సంవత్సరపు ఖాస్రా పహాణీ నేటికిని పాత హక్కుల విచారణలో తఱచుగా పరిశీలింపబడుచున్నది. తరతరముల పట్వారీ పద్ధతి 1984వ సంవత్సరమున తొలగింపబడినది. భూమి లెక్కలు 2020 అక్టోబరు 29 నుండి ధరణి యందును, 2025 ఏప్రిల్ 14న ప్రారంభింపబడిన భూభారతి యందును యంత్రములపై నుంచబడినవి. మాటలు మాత్రము పాతవే.

పట్టాదారు, కాబిజ్‌దారు: ఎవరి పేర హక్కు వ్రాయబడినదో అతడు పట్టాదారు. భూమి ఎవరి స్వాధీనమున నున్నదో అతడు కాబిజ్‌దారు, అనగా అనుభవదారు. ఇద్దఱును ఒక్కరే యైనచో చిక్కు లేదు. తండ్రి చనిపోయి ఏండ్లు గడచినను పట్టా అతని పేరనే యున్నచోటను, అన్నదమ్ములు నోటిమాటతో పంచుకొన్నచోటను, కొనిన భూమికి తెల్లకాగితము మాత్రమే యున్నచోటను ఈ రెండు పేర్లు వేఱగును. అట్టి భూమిపై బ్యాంకు అప్పు పుట్టుటయు, ప్రభుత్వము భూమిని తీసికొన్నప్పుడు పరిహారము అందుటయు కష్టము. దున్నుచున్నాము గదా యని యూరకుండరాదు.

బై నంబరు, పోటు ఖరాబు: ఒక సర్వే నంబరును పంచినప్పుడు ఏర్పడు భాగమునకు బై నంబరని పేరు. ఆ నంబరులో బండ, వాగు, బాట మొదలగు సాగునకు పనికిరాని భూమి పోటు ఖరాబు. పైని 5-10లో 0-12 అని చెప్పబడినది ఇట్టిదే. కొనువాడు మొత్తము విస్తీర్ణమునకు సాగుభూమి వెల ఇయ్యకుండుటకు ఈ గడిని చూడవలెను.

ఫసలీ: పాత కాగితములపై నుండు సంవత్సరము ఇది. దీనికి 590 కలిపినచో ఆ ఫసలీ ప్రారంభమైన ఆంగ్ల సంవత్సరము వచ్చును. హైదరాబాదు రాజ్యమున ఫసలీ అక్టోబరు మొదటి వారమున ప్రారంభమయ్యెడిది. మదరాసు వైపున జూలై 1న. జాగీరులను తొలగించిన 1358 ఫసలీ శాసనము 1949 ఆగస్టున వచ్చినది. 1358 ఫసలీ 1948 అక్టోబరున మొదలై 1949 అక్టోబరు వఱకు నడచినది గనుక లెక్క సరిపోవును. తాతల కాగితము విప్పువారికి ఈ ఒక్క కూడిక మిక్కిలి ఉపకరించును.

8. రైతులు జ్ఞాపక ముంచుకొనవలసినవి

భూమి కొనకముందు: గుంటలా, సెంట్లా? శిఖము గలదా? పోటు ఖరాబు ఎంత? పట్టా ఎవరి పేర నున్నది?

విత్తకముందు: పదును పిడికిటికి వచ్చినదా? గింజ రకమా, సంకరమా? మొలక శాతమెంత?

ఎరువు కొనకముందు: చెప్పిన మోతాదు ఎకరమునకా, హెక్టారునకా? బస్తాలోని మూడు అంకెలు ఎంతెంత? ఈ నేల ఏ నేల, ఏ చౌడు?

యాసంగి నాటకముందు: చెఱువులో నీ రెంత? తైబందీ జరిగినదా?

ఈ ప్రశ్నలు అడుగుటకు సిగ్గుపడ నవసరము లేదు. అమ్మువాడును, వ్రాయువాడును, నీరు వదలువాడును వీనికి జవాబు చెప్పవలసినవారే. చదువు రాని పెద్దలు ఇంటిలో బడికి పోవు ఆడపిల్లల చేతనో మగపిల్లల చేతనో సంచి చీటిని, బస్తా అంకెలను, పహాణీ నకలును చదివించుకొనవలెను. ఆ పిల్లలకు చేను, చెఱువు చూపి పదును, అలుగు, పోటు ఖరాబు అనగా నేమో పెద్దలు నేర్పవలెను. ఇట్లు కాగితము చదువువారును నేల నెఱిగినవారును ఒకే యింట కూడి పనిచేసినచో ఆ యింటి భూమికి మోసము జరుగుట అరుదు.